చెకుముకి తుపాకి: కొనుట, కాల్చ నేర్చుట
(మహానవమికి ముందు మన సంఘ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మహానవమి సమీపించినది. ఆయుధపూజకై అటకమీది సామాను దింపు దినములివి. చిక్కపేట, బళేపేట, హలసూరు ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న మన తెలుగువారి యిండ్లలో కత్తి, బాకు, త్రాసు, గంటములతోపాటు అచ్చటచ్చట ఒక పొడవాటి పాత తుపాకి కూడ క్రిందికి దిగును. దానికి పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి, మరునాడు మరల పైకెక్కింతురు. అది యేజాతి తుపాకి, దానిని ఇంట నుంచుకొనుటకు మనకు హక్కు కలదా లేదా యని విచారించువారు తక్కువ. ఈ మధ్య వేరొక ప్రశ్నయు వినవచ్చుచున్నది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు, అచటి స్వాతంత్ర్య యుద్ధ ఘట్టములను పూర్వకాలపు వేషములతో ప్రదర్శించు బృందములలో చేరి, అట్టి తుపాకినే కొత్తగా కొనదలచి, ఎట్టిది కొనవలెను, ఎట్లు నేర్వవలెను అని పెద్దలకు వ్రాయుచున్నారు. అటక మీది తుపాకియు, అమెరికాలోని తుపాకియు ఒకే జాతివి గనుక రెంటిని కలిపియే చెప్పుదుము.

ఈ తుపాకి మర్మము మన పొయ్యికి కొత్త కాదు. అగ్గిపెట్టె రాకమునుపు మన పూర్వులు చెకుముకిరాతితో ఉక్కుముక్కను కొట్టి, రాలిన రవ్వను దూదిపై పట్టి నిప్పు రాజవేసెడివారు. ఆ పనినే మరలో నమర్చిన చెకుముకి తుపాకి యగును. మీట నొక్కగనే, రాతిని కరచిపట్టియున్న కొంకి ముందునకు దుముకును. రాయి నిలువుగానున్న ఉక్కుమూతను గీచుచు దానిని త్రోసివేయును. మూత తెరచుకొనగా దాని క్రింది చిన్న గిన్నెలోని రంజకముపై రవ్వలు రాలును. ఆ మంట గొట్టము ప్రక్కనున్న సన్నని బెజ్జముగుండ లోపలి మందునకు అంటుకొనును. గుండు వెడలును. రవ్వ రాతినుండి పుట్టునని పలువురు తలతురు గాని అది సరికాదు. రాతి పదును ఉక్కును చెక్కగా రాలిన ఉక్కురజమే మండి రవ్వ యగుచున్నది. కావున మూత ఉక్కు మెత్తనిదైనచో ఎంత మంచి రాయి వేసినను ఫలము లేదు. కొనువారు ఈ మాట మరువరాదు.

దీనికి ముందుది వత్తితుపాకి. మండుచున్న వత్తిని చేతబట్టుకొని తిరుగవలసినది. దీనికి తరువాతిది టోపీతుపాకి. నేడు అడవి అంచు పల్లెలలో పందులనుండి చేలను కాచుటకు వాడు నాటుతుపాకులు చాలవరకు ఈ టోపీ జాతివే. మన చెకుముకి తుపాకి ఈ రెంటి నడుమ రెండు వందల యేండ్లకు తక్కువగాకుండ లోకమున రాజ్యమేలినది.

దాని గొట్టము లోపల నునుపు. గుండును తిప్పు మెలికల గాడులు అందు లేవు. ఇంగ్లీషువారు ముద్దుగా బ్రౌన్ బెస్ అని పిలిచిన సైనిక తుపాకి గొట్టము వెడల్పు 0.75 అంగుళము. దానిలో వేయు సీసపు గుండు సుమారు 0.69 అంగుళము మాత్రమే. గుండు వదులుగా నుండుట చేతగానితనము కాదు, బుద్ధిపూర్వకముగా చేసినదే. నల్లమందు కాలినపుడు గొట్టములో మసి పేరుకొనును. పది పదునైదు కాల్పుల తరువాత సరిపోయిన గుండు లోనికి దిగదు. యుద్ధమధ్యమున గుండు దిగకపోవుటకంటె గురి కొంత చెడుటయే మేలని ఆనాటివా రెంచిరి. ఫలితముగా ఎనుబది, నూరు గజములు దాటినచో మనుష్యుని గురిపెట్టి కొట్టుట కేవలము అదృష్టముపై నాధారపడును.

ఈ తుపాకి పొడవులలో మన దేశపు జాడ యొకటి కలదు. మొదట దాని గొట్టము 46 అంగుళములు, తరువాత 42 అంగుళములు ఉండెడిది. ఈస్టిండియా కంపెనీవారు తమ సైన్యమునకై 39 అంగుళముల గొట్టముతో తేలికయైన, చౌకయైన రకమును చేయించిరి. 1790 తరువాతి దశకమున ఫ్రెంచివారితో యుద్ధము రాగా తుపాకులు చాలక ఇంగ్లండు ప్రభుత్వము కంపెనీ రకమునే తన సైన్యమునకు గ్రహించెను. నేటికిని దానిని ఇండియా రకమనియే పిలుతురు.

ఇక మన పేరు సంగతి. 1756 అక్టోబరులో క్లైవు కలకత్తాను తిరిగి పట్టుకొనుటకై చెన్నపట్టణమునుండి సుమారు 900 మంది తెల్ల సైనికులతోను, 1500 మంది సిపాయిలతోను ఓడలెక్కెను. దక్షిణమునుండి వచ్చిన ఆ సిపాయిలను వంగదేశీయులు తెలింగాలనిరి. 1757 జూన్ 23న ప్లాసీ యుద్ధము జరిగెను. క్రమముగా ఉత్తరదేశమంతట తిలంగా యనగా తెలుగువాడను అర్థము పోయి, కవాతు నేర్చి తుపాకి పట్టిన సిపాయి యను అర్థము స్థిరపడినది. ఆ సిపాయిలందరును తెలుగువారే యనుట సరికాదు. తమిళులును, మహమ్మదీయులును, ఇతరులును వారిలో గలరు. 1857లో ఢిల్లీలో తిరుగబడిన సిపాయిలను నగరవాసులు తిలంగాలనియే పిలిచిరి. వారిలో పెక్కుమంది అయోధ్య, బీహారు ప్రాంతములవారు. తెలుగు నేలతో వారికి సంబంధమే లేదు. పేరు మాత్రము మనది.

దీనిని గొప్పగా చెప్పుకొను మిత్రులు మనలో గలరు. మేము వారితో పూర్తిగా ఏకీభవింపజాలము. ఆ తుపాకి మోసినవాడు నెల జీతమునకై పరుల జెండా క్రింద నిలిచినవాడు. 1758 డిసెంబరు 9న పిఠాపురము చేరువ చందుర్తిలో ఇంగ్లీషువారి పక్షమున విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు నిలువగా ఫ్రెంచివా రోడిపోయిరి. ఇరుప్రక్కలను సిపాయిలే యుండిరి. ఎవరు గెలిచినను నేల మనది, రక్తము మనది. అయినను ఒక కొత్త విద్యను త్వరగా నేర్చి, దానికి తమ జాతిపేరే పెట్టించుకొన్నవారిని మరచిపోవుటయు న్యాయము కాదు.

మన బెంగళూరే దీనికి సాక్షి. 1791 మార్చి 7న కారన్‌వాలిసు సైన్యము పేటను పట్టుకొనెను. ఆనాటి పోరున కర్నల్ మూర్‌హౌసు మడిసెను. మార్చి 21 రాత్రి కోట గోడకు గండి కొట్టి లోన ప్రవేశించిరి. కృష్ణరాజ మార్కెట్టు చెంత మిగిలిన కోటగోడకు ఆ గండిని తెలుపు శిలాఫలకము నేటికిని కలదు. మనము దినమును దానిముందునుండియే కూరలకు పోవుచున్నాము. ఆ రాత్రి వెలుపల మదరాసు సిపాయిల చేతను, లోపల టిప్పు సుల్తాను భటుల చేతను చెకుముకి తుపాకులుండెను. టిప్పు వానిని శ్రీరంగపట్టణమున చేయించి పులిచారల గుర్తు వేయించెను. 1799 మే 4న శ్రీరంగపట్టణము పడిన పిమ్మట వానిలో పెక్కు సీమకు తరలి మ్యూజియములకును, ప్రభువుల గోడలకును చేరినవి.

ఇట్టి గురిలేని ఆయుధము యుద్ధములనెట్లు గెలిచినదని మీరడుగవచ్చును. కవాతు వలన గెలిచినది. కాగితపు తూటాను పంటితో కొరుకుట, గిన్నెలో రంజకము పోసి మూత వేయుట, మిగిలిన మందును గొట్టములో పోసి గుండును కాగితముతో సహ కడ్డీతో దట్టించుట, కడ్డీని స్థానమున చేర్చుట, కొంకిని వెనుకకు లాగుట, ఆజ్ఞ వినుట. బాగుగ నేర్చిన సిపాయి నిమిషమునకు మూడుమార్లు దీనిని ముగించును. వరుసలోని అందరి గుండ్లు ఒక్కసారి పోయినపుడు కొన్నియైనను తగులును. ఒంటరివాని చేత ఈ తుపాకి సగము ఆయుధమే. ఇందును నమ్మరాదు: 1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో జరిగిన పరీక్షలో 6000 కాల్పులకు చెకుముకి తుపాకి 922 మార్లు పేలకపోగా, టోపీతుపాకి 36 మార్లు మాత్రమే తప్పినది. అనగా ఆరేడు కాల్పుల కొకటి వట్టిది. కొలదికాలములోనే సైన్యములు దీనిని విడిచిపెట్టుటకు ఈ లెక్కయే చాలును.

ఇప్పుడు చట్టము. ఇది విసుగు పుట్టించు భాగమైనను మన యిండ్లకు ఎక్కువగా కావలసినది ఇదియే. 1959 ఆయుధ చట్టము 3వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక తుపాకిని గాని మందుగుండును గాని ఉంచుకొనరాదు. పాతది గనుక మాది చట్టమునకు వెలుపల అని మనవారు తరచుగా అందురు. 45వ సెక్షను పాతకాలపు ఆయుధములను మినహాయించిన మాట నిజమే. కాని ఆ మినహాయింపు, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనికిరాని వానికి మాత్రమే. మీ తాతగారి తుపాకికి కొత్త రాయి పెట్టి, మర బిగించినచో పేలునట్లైన, అది ఎంత పాతదైనను లైసెన్సు కావలసినదే. నిర్ణయింపవలసినది మనము కాదు, అధికారులు. బెంగళూరు నగరమున ఆ అధికారి పోలీసు కమిషనరు. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. వారసత్వముగా వచ్చినను ఆ లెక్క తప్పదు. లైసెన్సు గడువు అయిదేండ్లు. 2016 నియమముల ప్రకారము దరఖాస్తుదారుడు ఆయుధ భద్రతా శిక్షణ పొందియుండవలెను. లైసెన్సు లేని తుపాకి బయటపడినచో, 21వ సెక్షను ననుసరించి దానిని సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల వ్యాపారి యొద్ద గాని జమ చేయవచ్చును. ముందు న్యాయవాదిని అడిగి పిదప చేయుట మంచిది.

కొడగువారికి లేని నిర్బంధము మనకేల యని యొక మిత్రుడు అడిగెను. కొడవ జాతివారికిని, జమ్మా భూములు గలవారికిని లైసెన్సు మినహాయింపు ఇంగ్లీషు దొరల నాటినుండి వచ్చుచున్నది. 2019లో కేంద్రప్రభుత్వము దానిని 2029 వరకు పొడిగించినది. కైల్ పోళ్దు పండుగలో వారు తుపాకిని పూజించి నిర్భయముగా గురిపందెములాడుదురు. అది వారి చరిత్ర, వారి హక్కు. మన ఆయుధపూజ దానికి ప్రమాణము కాజాలదు.

మరియొక సంగతి. తాతగారి తుపాకిని అమెరికాలోని మనుమనికి పంపుదమను ఆలోచన కొందరికి గలదు. నూరేండ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రయివేటువారు విదేశములకు పంపుటను 1972 పురావస్తు చట్టము నిషేధించినది. ఆ యాశ వదలుకొనవలెను. మనుమడు అచటనే కొనవలెను.

అచట కొనుట సులభమే. అమెరికా కేంద్ర చట్టమున చెకుముకి తుపాకులును, వాని నకళ్లును సాధారణ తుపాకుల లెక్కలోనికి రావు. కాని రాష్ట్రమునుబట్టి నియమములు మారును గావున ముందు వానిని చదువవలెను. ఇంగ్లండులోనున్న పిల్లలకు ఈ సౌకర్యము లేదు. అచట నునుపు గొట్టపు తుపాకికి షాట్‌గన్ సర్టిఫికెట్టును, నల్లమందునకు వేరుగ అనుమతియు కావలెను. వెనుకటి అసలు తుపాకిని కొని కాల్చుట మేము సమ్మతింపము. రెండు వందలేండ్ల ఇనుములో త్రుప్పు ఎంత లోతు తిన్నదో కంటికి కనబడదు. అట్టిది చూచుటకు. కాల్చుటకు కొత్త నకలు కావలెను. వీనిలో ఇటలీ దేశపు పనితనము పేరుపొందినది. ధర హెచ్చు. చౌకగా దొరకునవి పెక్కు మన దేశముననే తయారై ఎగుమతి యగుచున్నవి. వానిలో కొన్నిటికి రంజకపు బెజ్జము తొలువకయే, అలంకారవస్తువుగా పంపుదురు. కొనినవాడు బెజ్జము తొలిపించుకొని కాల్చుచున్నాడు. ఇందు జాగ్రత్త కావలెను. ఆ గొట్టము హెచ్చుమందుతో పరీక్షింపబడినదని ముద్రయో పత్రమో లేనిదే దానిని నమ్మి చెక్కిలి ప్రక్క నుంచుకొనరాదు. మన దేశపు సరకను అభిమానము ఇచట పనికిరాదు.

కొనునపుడు చూడవలసినవి చెప్పుదుము. కొంకిని సగమెత్తులో నిలిపి మీటను నొక్కినచో అది పడరాదు. పడినచో అట్టి తుపాకిని అంగడిలోనే వదలి రావలెను. చీకటిగదిలో మందు లేకుండ మీట నొక్కి చూచిన, రవ్వలు గిన్నె నడుమ గుత్తిగా రాలవలెను. ఒకటి రెండు మిణుకుమన్నచో మూత ఉక్కు మెత్తనిది. రంజకపు బెజ్జము గిన్నె అంచుకు సమముగా నుండవలెను. క్రిందికున్నచో రంజకము దానిని కప్పివేసి వత్తివలె మెల్లగ కాలును, కాల్పు ఆలస్యమగును. కట్టె చెంపకు ఆనునో లేదో భుజమునకు పెట్టి చూడవలెను. ఇవి పదిపౌండ్ల బరువుగల వస్తువులు, పొట్టివారికి ముందుకు వ్రాలును.

ఇక నేర్చుట. మొదటి దినమున మందు ముట్టరాదు. తుపాకిని ఎత్తుట, దించుట, మీట నొక్కుట మాత్రమే. కన్నుల కద్దములు, చెవులకు మూతలు లేక నిలువరాదు. ఈ తుపాకిలో మీట నొక్కుటకును, గుండు వెడలుటకును నడుమ ఒక రెప్పపాటు కాలము కలదు. కంటి ముందు జానెడు దూరమున రంజకము భగ్గుమనును. కొత్తవాడు ఉలికిపడి తల త్రిప్పును. గుండు అప్పటికింక గొట్టములోనే యున్నది! కావున గురి తప్పును. మంట చూచిన తరువాతను తుపాకిని కదల్పక నిలుపుటయే ఈ విద్యలో సగము. మీట నొక్కి మనస్సులో ఒకటి రెండని లెక్కించుచు గురిని విడువక నిలుచుట అభ్యసింపవలెను. గుండు లేక రంజకము మాత్రము వెలిగించి పలుమార్లు అభ్యసించినవాడు తరువాత త్వరగా ముందుకు పోవును.

సిపాయి కవాతులో రంజకము ముందు పోయుదురని చెప్పితిమి. శత్రువు ఎదుట నున్నవానికి అది తగును. మైదానమున నేర్చువానికి తగదు. ముందు గొట్టములో మందు, గుండు వేసి, కడ్డీ తీసి ప్రక్కన బెట్టి, గొట్టపు మొనను గురివైపు త్రిప్పిన తరువాతనే రంజకము పోయవలెను. మందును పెద్ద సీసానుండి తిన్నగా గొట్టములో పోయరాదు. లోపల నిప్పురజను మిగిలియున్నచో సీసాయే పేలును. చిన్న కొలతగొట్టముతో కొలిచి పోయవలెను. గుండు మందుపై గట్టిగా ఆనువరకు దట్టింపవలెను. నడుమ ఖాళీ యున్నచో గొట్టము పగులును. దట్టించునపుడు ముఖము గొట్టము మీదికి వంచరాదు. మీట నొక్కినను పేలనిచో తుపాకిని దింపక, మొనను గురివైపే యుంచి నిమిషము సేపు వేచియుండవలెను. తొందరపడి మొనలోనికి తొంగిచూచుట ప్రాణాంతకము. రాయి ఇరవై ముప్పై కాల్పులకు మొద్దుబారును. దానిని తోలుముక్కలో చుట్టి కొంకిలో బిగించుట, అంచును చిన్న దెబ్బలతో మరల పదును చేయుట నేర్వవలెను. వానతేమ దినములలో రంజకము చెమ్మగిల్లును. ప్రతి కాల్పునకు ముందు గిన్నెను, మూతను పొడిబట్టతో తుడువవలెను.

మొదట 25 గజముల దూరమున పెద్ద అట్టపై కాల్చవలెను. ఈ తుపాకికి ముందుచూపు గురిగా సన్నీ తగిలించు కొయ్యయే దిక్కు. ఎన్ని కాల్చినను గుండ్లు ఒకచోట గుమిగూడనిచో నిరాశ వలదు. గుండుకు పలుచని బట్ట చుట్టి దింపినచో వదులు తగ్గి గురి బాగుపడును. నోటినుండి మందు కూరు తుపాకుల అంతర్జాతీయ పోటీలలో నునుపుగొట్టపు సైనిక చెకుముకి తుపాకికి ప్రత్యేకముగ ఒక పందెము కలదు. దూరము 50 మీటర్లు, నిలుచుండి కాల్చవలెను. అరగంటలో పదమూడు కాల్పులు, వానిలో మేలైన పది లెక్కకు వచ్చును. నేర్చువాడు దీనిని గమ్యముగా పెట్టుకొనవచ్చును. మన బెంగళూరులో రైఫిలు సంఘముల మైదానములందు గాలితుపాకియు, చిన్న రైఫిలును నేర్పుదురు. చెకుముకికి అచట చోటు లేకున్నను, ఊపిరి పట్టుట, మీట మెల్లగ నొక్కుట, మొనను సురక్షితముగ త్రిప్పుట అచటనే నేర్చిపోయిన పిల్లవానికి అమెరికాలో సగము శ్రమ తగ్గును.

కాల్చిన సాయంకాలమే గొట్టమును వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టింపవలెను. నల్లమందు మసి గాలిలోని తేమను పీల్చును. ఒక్క రాత్రి విడిచిన త్రుప్పు మొదలగును.

అటకమీది తుపాకికి తిరిగి వచ్చుదము. దానిని దింపినపుడు అందులో మందు, గుండు ఇంకను కలవా యను సందేహము మొదట రావలెను. ఎన్నటిదో కూరి విడిచిన మందు ఏండ్లు గడచినను పేలవచ్చును. మొనను మనుష్యులు లేని వైపు త్రిప్పి, సన్నని కట్టెపుల్లను లోనికి మెల్లగ జారవిడచి, మొన వద్ద గుర్తు పెట్టి, తీసి, వెలుపల గొట్టము ప్రక్కన ఆనించి చూడుడు. పుల్ల రంజకపు బెజ్జము వరకు రానిచో లోపల ఏదో యున్నది. అపుడు దానిని గెలుకక, నిప్పు చేరనీయక, పోలీసులకో లైసెన్సు గల తుపాకి పనివానికో తెలుపుడు. పసుపు కుంకుమలు దూరమునుండి చల్లినను అమ్మవారు కోపింపదు. లైసెన్సు గల తుపాకులున్నవారు ఎన్నికల వేళ స్టేషనులో జమచేసినచో, రసీదును ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచుడు.

ఆయుధ చట్టపు 3, 13, 21, 45 సెక్షనుల తెలుగు తాత్పర్యమును సంఘ గ్రంథాలయమున నుంచితిమి. పంటకావలికై నోటినుండి కూరు తుపాకి లైసెన్సు కోరు రైతు బంధువులు గలవారు 13వ సెక్షనును చూడవలెను. మహానవమికి ముందటి ఆదివారము సాయంకాలము మేమచట నుందుము. ప్రశ్నలున్నవారు రావచ్చును. తుపాకిని మాత్రము తీసికొనిరావలదు, దాని వివరములను కాగితముపై వ్రాసి తెచ్చిన చాలును.